వాగులో తేలిన నురగ ఎవరిది?

ఈ ప్రయాణానికి కారణం ఒక ఫొటో. ఖమ్మంలో పొద్దున నాతో పాటు నడకకు వచ్చే పాత లేబొరేటరీ మిత్రుడొకాయన ఫోను తెరిచి చూపించాడు. చండ్రుగొండ దాటాక, అడవి అంచున, ఎవరో ప్రైవేటు వాళ్లు నాసిరకం బొగ్గును కడిగి శుభ్రం చేసే ప్లాంటు పెట్టారట. ఆ ఫొటోలో రిబ్బను కత్తిరిస్తున్నది మా పాత డైరెక్టరు గారు. మెడలో దండ, మొహం మీద వినయం, వెనక ఫ్లెక్సీలో పేరు కింద 'సాంకేతిక సలహాదారు' అన్న బిరుదు. మన గోదావరి లోయ బొగ్గును నురగలో తేల్చి కడగడం కుదరదని ఒక్క వాక్యం రాసి నా పరిశోధనను అటకెక్కించిన మనిషి ఆయనే. తరువాత అదే పద్ధతిని తనదిగా సెమినార్లలో చదివి శాలువాలు కప్పించుకున్న మనిషీ ఆయనే. నేను రిటైరై చాలాకాలమైంది. ఆ సంగతి మరిచిపోయానని మా ఇంట్లో వాళ్లనుకుంటున్నారు. నేను ఏదీ మరిచిపోలేదు.

బతుకమ్మ పండుగ అయిపోయిన వారంలో ఒక పొద్దున ఏడింటికి ఖమ్మం బస్టాండులో సత్తుపల్లి బస్సెక్కాను. వైరా, తల్లాడ, కల్లూరు మీదుగా పోతుంది. పెనుబల్లికి రెండు గంటల పైన పట్టింది. టికెట్టు నూటయాభై లోపే. ఎడమ వైపు కిటికీ దగ్గర కూర్చోండి, ఎండ తగలదు. కల్లూరు దాటేదాకా పత్తి, మిరప. ఆ తరువాత ఆయిల్‌పామ్ తోటలు మొదలవుతాయి. ఈ దారి గురించి ఇంటర్నెట్లో రాసేవాళ్లంతా పచ్చదనం చూసి పరవశించిపోతారు. ఆ పచ్చదనంలో ఎంత అడవో, ఎంత కాగితం మిల్లుకు పోయే జామాయిలో చూడడానికి బస్సు దిగాలి. వాళ్లు దిగరు.

పెనుబల్లిలో టీ తాగి, కొత్తగూడెం రోడ్డు మొగదల ఆటో మాట్లాడుకున్నాను. డ్రైవరు పేరు నాగులు, నలభై ఏళ్లుంటాయి, అక్కడి వాడే. ఎక్కడికని అడిగితే బొగ్గు కడిగే ఫ్యాక్టరీకన్నాను. అతను అద్దంలోంచి నన్ను ఎగాదిగా చూశాడు.

"బొగ్గుకు స్నానమా సారూ? పాలతోని కడిగినా బొగ్గు తెల్లగ కాదంటరు గదా పెద్దలు."

"తెల్లగ చెయ్యడానికి కాదయ్యా, ఇంకా నల్లగ చెయ్యడానికి" అన్నాను. మన బొగ్గులో మన్ను, రాయి కలిసిపోయి ఉంటాయనీ, అదంతా పొయ్యిలో మండకుండా బూడిదై మిగులుతుందనీ, ఆ మట్టిని ముందే తీసేస్తే తక్కువ బొగ్గుతో ఎక్కువ మంట వస్తుందనీ చెప్పాను. అతను కాసేపు ఆలోచించి, తన భార్య బియ్యం కడిగినప్పుడు రాళ్లు అడుగున మిగిలినట్టేనా అన్నాడు. ఆ పోలిక మా డైరెక్టరు గారి ఉపన్యాసాల కన్నా నయంగా ఉంది. కాకపోతే ఇక్కడ బియ్యమే పైకి తేలాలి.

దారి పొడవునా పక్కనే బొగ్గు రైళ్ల కోసం వేసిన కొత్త పట్టాలు కనిపిస్తూ మాయమవుతూ ఉన్నాయి. చండ్రుగొండ దాటాక ఒక మట్టి రోడ్డు పట్టుకుని లోపలికి పోయాం. పదిన్నరకు ప్లాంటు గేటు దగ్గరున్నాం. రానుపోను ఆరువందలకు మాట్లాడుకున్నాను. నాగులు మధ్యాహ్నం దాకా ఉంటానన్నాడు.

లోపల షిఫ్టు ఇంజనీరు కవిత అనే అమ్మాయి. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. ఫలానా చోట బొగ్గు రసాయనం చూసి రిటైరైన వాణ్ణని చెబితే హెల్మెటు ఇచ్చి తనే వెంట వచ్చింది. చదువుకున్న వాళ్లలో మర్యాద ఇంకా మిగిలి ఉందని ఒప్పుకోవలసి వచ్చింది.

ఈ పని ఎన్నడూ చూడని వారి కోసం నాలుగు మాటలు. బొగ్గును పిండిలా నూరి నీళ్లలో కలుపుతారు. దానికి కాసింత డీజిలు పడితే ఆ నూనె బొగ్గు రవ్వకు అంటుకుంటుంది, మట్టికి అంటదు. తరువాత పైన్ ఆయిల్ అనే నురగ మందు వేసి అడుగు నుంచి గాలి ఊదితే తొట్టి నిండా నురగ లేస్తుంది. నూనె పూసుకున్న బొగ్గు రవ్వలు బుడగలను పట్టుకుని పైకి వస్తాయి. మట్టి, రాయి నీళ్లలోనే ఉండిపోతాయి. పైకొచ్చిన నల్లటి నురగను చెక్కతెడ్ల లాంటి రెక్కలు తోసి పక్క కాలువలోకి దించుతాయి. చూడడానికి బాగుంటుంది. తొట్టి మీద నల్లటి బుడగలు పట్టులా మెరుస్తూ ఉబ్బి పగులుతుంటాయి. పాతికేళ్ల కింద లేబొరేటరీలో ఒక గాజు పాత్రలో అది మొదటిసారి సరిగ్గా లేచినప్పుడు నేను ఆ పూట అన్నం తినడం మరిచిపోయాను.

మన బొగ్గుతో చిక్కేమిటంటే అందులో జిగటమట్టి ఎక్కువ. ఆ మట్టి సన్నటి పొరలా బొగ్గు రవ్వను కప్పేస్తుంది. నూనె అంటదు. అందుకే అన్నిటికన్నా ముందు సోడియం సిలికేట్ వేసి ఆ మట్టిని విడగొట్టాలి. ఆ తరువాతే డీజిలు, ఆ తరువాతే నురగ మందు. ఆ వరస కనిపెట్టడానికి నాకు రెండేళ్లు పట్టింది. కవిత చూపించిన బోర్డు మీద అదే వరస రంగు పెన్నులతో రాసి ఉంది. ఎవరిదమ్మా ఈ వరస అని అడిగాను. సలహాదారు గారిదంది. నాదని చెప్పాను. ఆ అమ్మాయి నమ్మిందో లేదో కాని, మరి సిలికేట్ ఎందుకు ముందు వెయ్యాలి సార్ అని అడిగింది. అది తనకు ఎవరూ చెప్పలేదట. చెప్పాను. శ్రద్ధగా విన్నది. విన్నాక చిన్నగా అసలు సంగతి బయటపెట్టింది. ఆ సిలికేట్ డ్రమ్ములు షెడ్డులో సీలు విప్పకుండా ఉన్నాయి. ఖర్చు దండగ, దానికి బదులు పైన్ ఆయిల్ పెంచండి, బొగ్గు అదే వస్తుందని సలహాదారు గారు ఫోన్లో చెప్పారట.

దొంగిలించిన వాడు కనీసం మొత్తం దొంగిలించాలి. మట్టిని విడగొట్టకుండా నురగ మందు పెంచితే మట్టి కూడా నురగతో లేస్తుంది. మట్టి పట్టిన నురగ జల్దీ పగలదు, కొండలా పేరుకుంటుంది. అక్కడ అదే జరుగుతోంది. తొట్ల పక్క కాలువ అంచుల దాకా ఉబ్బి ఉంది. కడిగిన మురికి నీళ్లు ఎక్కడికి పోతాయని అడిగితే గుంతలో నిలబెట్టి మళ్లీ వాడుతున్నామని, బయటికి చుక్క పోదని చెప్పింది. చెప్పిన మాటను తను నమ్ముతోంది, అది కనిపించింది.

పన్నెండున్నరకు నేనూ నాగులూ ప్లాంటు నుంచి బయలుదేరాం. మట్టి రోడ్డు మీద, వాగు దాటే చోట, సమ్మక్క అనే ఆమె తాటాకు పందిరి కింద ప్లాంటు కూలీలకు అన్నం వండుతుంది. కోయవారామె. భోజనం ఎనభై రూపాయలు: అన్నం, పప్పు, చింతచిగురు ఎండబెట్టి చేసిన పొడి, కావాలంటే గుడ్డు. మా ఇద్దరికీ వడ్డించి పొయ్యిలో నీళ్లు చల్లి ఆర్పేసింది. ఇంకా కూలీలు రాలేదు కదమ్మా అంటే ఈ రోజు రారు, వచ్చినా పెట్టలేనంది. నాగులుకు ఆమె ఎరుకే. ఏంది సంగతని అడిగాడు.

ఆమె నిలబడే చెప్పింది. మూడు రోజుల కింద వాగులో తెల్లారేసరికి నురగ తేలింది. చిన్న చేపలు వెల్లకిలా పడ్డాయి. వాళ్ల గూడెంలో ఒక కట్టుబాటుంది. మంగకాయ దంచి మడుగులో కలిపితే నీళ్లు నురగ కట్టి చేపలు మత్తెక్కి తేలతాయి. ఆ పని ఎండాకాలంలో, వాగు మడుగులుగా తెగినప్పుడు, ఊరంతా కలిసి కొలుపు చేసుకుని చెయ్యాలి. పారే నీళ్లలో, ఒంటరిగా ఎవరూ చెయ్యకూడదు. కింద పొలాలున్నాయి, పశువులు తాగుతాయి. నురగ కనపడగానే ఊరు చూసింది ఎవరింటి మీద మంగకాయలు ఎండుతున్నాయని. ఆమె భర్త ముత్తయ్య ఇంటి మీద ఎండుతున్నాయి.

"విత్తనాలకు పురుగు పట్టకుంట ఆ పొడి కలుపుతం సారూ. ఏటా ఎండబెడ్తం. ఈ ఏడు మాత్రం ఆ కాయలే పగవాళ్లయినయి" అంది సమ్మక్క. సాయంత్రం లోపల పంచాయితీ తీర్పు చెబుతుంది. తప్పు రుజువైతే కుటుంబాన్ని వెలి పెడతారు. అంటే ఎవరూ వాళ్ల నీళ్లు ముట్టరు, నాట్లకూ కోతలకూ రారు, చావుకూ రారు. పోడు భూమిలో వరి పొట్ట మీద ఉంది. పదిమంది చేతులు లేకుండా అది ఇంటికి రాదు. ముత్తయ్య రెండు రోజులుగా అన్నం ముట్టలేదట. చెయ్యలేదంటే చెయ్యలేదని ఒక్కటే మాట, దానికి సాక్ష్యం లేదు.

నా చేతిలో ముద్ద ఆగిపోయింది. ఆ నురగ ఇంకా ఉందా అని అడిగాను. ఉందంది. మూడు రోజులైనా పోలేదంది.

పందిరి వెనకే దిగువన, అడ్డంగా పడ్డ మద్ది మొద్దు దగ్గర మురికి నురగ గట్టుకు ఆనుకుని ఉంది. చేత్తో తీసి వాసన చూశాను. చూడక్కర లేకుండానే తెలిసింది, అయినా చూశాను. జేబురుమాలులో కొంచెం పిండి ఎండలో ఆరబెడితే గుడ్డ మీద కాటుక అంచులా నల్లటి గీత మిగిలింది. వాగు వెంట పైకి నడిస్తే ప్లాంటు వైపు నుంచి ఒక పిల్లకాలువ వచ్చి కలుస్తోంది. ఆ కాలువ గడ్డి మొదళ్లన్నీ నల్లగా ఉన్నాయి. కాలువ కలిసే చోటుకు పైన వాగు శుభ్రంగా ఉంది.

నాకు కలిగింది సంతోషమని చెబితే మీరు నన్ను అసహ్యించుకుంటారు. అయినా అదే కలిగింది. దండ వేయించుకున్న మనిషిని ఇన్నేళ్లకు చేపలే పట్టిచ్చాయి.

సమ్మక్క వెంట గూడేనికి వెళ్లేసరికి పంచాయితీ ఊరి పెద్ద లింగయ్య వాకిట్లో, చిక్కుడు పందిరి కింద జరుగుతోంది. ముప్పై మంది దాకా ఉన్నారు. వాళ్లలో వాళ్లు కోయ భాషలో మాట్లాడుకుంటున్నారు. ముత్తయ్య ఒక పక్కన గొంతుక్కూర్చుని నేల చూస్తున్నాడు. సన్నటి మనిషి, మోకాళ్ల చుట్టూ చేతులు బిగించి ఉన్నాడు. అతనికీ మిగతా వాళ్లకీ నడుమ మనిషి పట్టేంత ఖాళీ అప్పుడే ఏర్పడి ఉంది. నాగులు నన్ను ముందుకు తోసి, ఖమ్మం నుంచి వచ్చిండు, బొగ్గు మందుల గురించి చదువుకున్న సారు, ఒక మాట చెప్తడంట అన్నాడు.

చెప్పాను. బాగానే చెప్పానని అప్పుడు అనుకున్నాను. నురగ మంగకాయది కాదు, ఫ్యాక్టరీది అన్నాను. అక్కడితో ఆగాల్సింది. ఆ ఫ్యాక్టరీకి సలహా చెప్పేవాడు ఎలాంటివాడో, సిలికేట్ ఎందుకు మానేయించాడో, ఇంతకు ముందు ఏమేం చేశాడో కూడా చెప్పుకుంటూ పోయాను. గొంతు పెరిగింది. లింగయ్య నాకన్నా పెద్దవాడో చిన్నవాడో తెలియదు. చేతికర్ర మీద గడ్డం ఆనించి చివరిదాకా విన్నాడు. విని, అడిగాడు.

"ఆయన మీద నీకు పగున్నదా, సారూ?"

వాకిలంతా నా వైపు తిరిగింది. సమ్మక్క కూడా. ఈ ఒక్క ప్రశ్న నన్ను ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు. ఆఫీసులో అడగలేదు, నా ఫిర్యాదు మీద జరిగిన ఎంక్వయిరీలో అడగలేదు, ఇంట్లోనూ అడగలేదు. లేదని చెబితే నా మొహమే అబద్ధమని చెబుతుంది. ఉందంటే నా సాక్ష్యం చెల్లదు. పగవాడి సాక్ష్యాన్ని ఏ పంచాయితీ నమ్ముతుంది? నా కోపం బరువు ముత్తయ్య నెత్తిన పడబోతోంది.

"నాకున్నది" అన్నాను. "నురగకు లేదు. నన్ను నమ్మకండి, దాన్ని చూడండి."

ఎవరో నవ్వారు. లింగయ్య నవ్వలేదు, కాని కర్ర మీంచి గడ్డం తీశాడు.

ఆ తరువాత నేను నోరు తెరిచింది తక్కువ. మూడు సిల్వర్ గిన్నెలు తెప్పించమన్నాను. పిల్లకాలువ కలిసే చోటుకు పైనుంచి రెండింట్లోకి నీళ్లు, మద్ది మొద్దు దగ్గరి నురగ నీళ్లు మూడో దాంట్లోకి. తెచ్చింది నేను కాదు, నాగులు కాదు, ముత్తయ్య మీద నేరం మోపిన వాళ్లే తెచ్చారు. ముత్తయ్య ఇంటి మీది కాయలే దింపించి దంచించాను. దంచింది కూడా వాళ్లే. ఆ పిప్పి ఒక గిన్నెలో వేసి చేత్తో గిలక్కొడితే తెల్లటి నురగ సబ్బులా లేచింది. రెండో గిన్నెలో ఉత్త నీళ్లు. మూడో దాంట్లో వాగు నురగ.

అరగంట పైనే కూర్చున్నాం. అంతసేపు ఎవరూ తీర్పు గురించి మాట్లాడలేదు, వానల గురించి, పందులు పడుతున్న చేల గురించి మాట్లాడుకున్నారు. మంగకాయ నురగ తెల్లగా ఉండి తెల్లగానే తగ్గింది. వాగు నురగ తగ్గినచోట గిన్నె గోడకు నల్లటి వలయం మిగిలింది. బొగ్గు లారీలు పోతయి, దుమ్ము ఎగిరి పడి నల్లగైతది, అదేం రుజువు అన్నాడు ఒకాయన. సరైన ప్రశ్నే. సెమినార్లలో నన్ను ఎవరూ అంత సరైన ప్రశ్న అడగలేదు. లారీల రోడ్డు పిల్లకాలువకు పైనే వాగు దాటుతుంది, ఆ దుమ్మే అయితే ఉత్త నీళ్ల గిన్నె కూడా నల్లబడాలి కదా అన్నాను. అందరూ దాంట్లోకి వంగి చూశారు. గిన్నె అడుగు కనిపిస్తోంది.

అప్పుడొక ముసలామె లేచి వచ్చి మూడో గిన్నెలో వేలు ముంచి ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆమె కూతురికి ఈ మధ్య కొత్తగూడెంలో కాన్పు అయిందట.

"గిది దవాఖానాల నేల తుడిసే వాసన" అంది. "మంగకాయ గిట్ల వాసనెందుకొస్తది?"

గిన్నె చేతులు మారింది. దవాఖానాకు పోయినవాళ్లు గూడెంలో చాలామందే ఉన్నారు. అవ్, అవ్ అన్న మాట వరస మొత్తం తిరిగింది. ఫినాయిల్లోనూ పైన్ ఆయిలే వేస్తారని నేను చెప్పబోయి మానేశాను. అవసరం లేకపోయింది.

లింగయ్య ముత్తయ్యను పిలిచాడు. కోయలో కాక తెలుగులోనే మాట్లాడాడు, బహుశా మేం కూడా వినాలని.

"అల్లుడా, ఇంట్ల నీళ్లున్నయా?"

ముత్తయ్యకు ముందు అర్థం కాలేదు. సమ్మక్కకు అర్థమైంది. పరుగున పోయి సొరకాయ బుర్రలో నీళ్లు తెచ్చి భర్త చేతిలో పెట్టింది. ముత్తయ్య అందించాడు. తొందరలో సగం నీళ్లు పెద్దాయన పంచె మీద పడ్డాయి. లింగయ్య మిగిలిన నీళ్లు తాగి బుర్రను పక్కవాడికిచ్చాడు. అది చివరిదాకా తిరిగి ఖాళీగా వెనక్కొచ్చింది. ముత్తయ్య పక్కన ఉన్న ఖాళీలో ఎవరో వచ్చి కూర్చున్నారు. ఎవరూ క్షమాపణ చెప్పలేదు. అతను బుర్రను ఒళ్లో పెట్టుకుని, రెండు రోజుల్లో మొదటిసారి, ఆకలైతాందన్నాడు.

కవితకు ఫోను చేశాను. స్కూటరు మీద పావుగంటలో వచ్చింది. గిన్నెలు చూసింది, నా వెంట పిల్లకాలువ దాకా నడిచి గడ్డి మొదళ్లు చూసింది. చుక్క పోదన్న తన మాటను తనే ఒకసారి పైకి అనుకుంది. వెనక్కి వచ్చి అందరి ముందు చెప్పింది: మురికి నీళ్ల గుంత గట్టు పెంచేదాకా నురగ మందు ఆపేస్తాం, అప్పటి దాకా పశువులను ఆ మడుగుకు తోలొద్దు. ఆ మాట చెప్పే ముందు ఎవరికీ ఫోను చెయ్యలేదు. దాని ఫలితం ఆమె ఉద్యోగం మీద ఎలా ఉంటుందో నాకు తెలియదు. మంచి మాట చెప్పినవాళ్ల ఉద్యోగాలు ఎలా ఉంటాయో మాత్రం నాకు బాగా తెలుసు.

ఆటో ఎక్కుతుంటే అడిగింది, పైవాళ్లకు చెప్పేటప్పుడు ఈ పద్ధతి ఎవరిదో, తప్పు పట్టింది ఎవరో, నా పేరు చెప్పనా అని. ఆ మాట వినడానికే పొద్దున ఇంట్లోంచి బయలుదేరాను.

"వద్దమ్మా. నా పేరు వింటే ఆయన పగ అంటాడు. అది నిజం కూడా. గిన్నెలు చూపించు, డ్రమ్ములు విప్పు" అన్నాను.

నేను ఆయన్ని క్షమించలేదు. క్షమించే వయసు వస్తుందంటారు, నాకు ఇంకా రాలేదు. కాని తిరుగు బస్సులో కల్లూరు దాకా ఆ పెద్దాయన ప్రశ్నే వెంట వచ్చింది. ఇన్నేళ్లు నా మాట ఎవరూ నమ్మలేదని లోకాన్ని తిట్టాను. నేను నిజమే చెప్పాను, కాని దాన్ని ఎప్పుడూ ఒంటరిగా చెప్పలేదు. వెంట నా కోపాన్ని కూడా తోలుకొచ్చాను. విన్నవాళ్లు కోపాన్ని చూసి నిజాన్ని వదిలేశారు. కడిగే పని చదువుకున్నవాణ్ణి, ఈ మట్టిని ముందు విడగొట్టాలని నాకు తట్టలేదు. తట్టిన రోజున దాని ఫలం నాకు దక్కలేదు, ముత్తయ్యకు దక్కింది. అదీ అన్యాయమే అనిపించింది కాసేపు. ఆ తరువాత, ఆ బుర్ర ఖాళీగా తిరిగొచ్చిన తీరు గుర్తొచ్చి, ఊరుకున్నాను.

వెళ్లదలచుకున్న వారికి ఒక్క సలహా: పెనుబల్లిలో ఆటో మాట్లాడుకునేటప్పుడు రానుపోనుతో పాటు ఆగినందుకు కూడా కిరాయి తేల్చుకోండి. మీరు చూడాలని వెళ్లిన దానికి గంట చాలు, అక్కడ మీ వల్ల అయ్యే పని ఏదైనా ఎదురైతే సాయంత్రం దాకా పడుతుంది.